సుజాతకి, స్టాల్ బల్ల వెనక నుంచి

అనంతపురం

సుజాతా,

నువ్వు పంపిన వాయిస్ మెసేజ్ రెండుసార్లు విన్నాను. మొదటిసారి నీ గొంతు విని బాధేసింది, రెండోసారి ఆ పెద్దమనిషి మాట విని ఒళ్ళు మండింది. "ఇంట్లో ఊరికే కూర్చోలేక ఇలా వచ్చేస్తారు, ఈ పొడికి మూడొందలా?" అన్నాడా! అదీ అపార్ట్‌మెంట్ వాళ్ళందరి ముందు. ఇక స్టాళ్ళ జోలికి పోను, తెలిసినవాళ్ళకే అమ్ముకుంటాను అంటున్నావు. ఫోన్‌లో చెబితే మధ్యలోనే "సరేలేవే" అని తోసేస్తావని ఉత్తరం రాస్తున్నా. ఈ పూట కరెంటు లేదు, మా నూనె గానుగ ఆగింది. నాకూ తీరికే, నువ్వూ తీరిగ్గా చదువు.

అసలు సంగతి ముందే చెప్పేస్తా. నోరు పారేసుకునేవాడు ఎలాగూ కొనడు. కానీ వాడి పక్కన సంచి పట్టుకుని, కొందామా వద్దా అని తటపటాయిస్తూ నలుగురు నిలబడి ఉంటారు చూడు, మన జవాబు వాళ్ళు వింటారు. మన ముఖం ఎలా మారుతుందో కూడా చూస్తారు. నేను వాడి కళ్ళలోకి చూస్తూ ఆ నలుగురికి వినపడేలా మాట్లాడతాను. అలా మొదలుపెట్టాక నా టెన్షన్ సగం తగ్గింది.

ధర సంగతే చూడు. "రిఫైన్డ్ నూనె ఇందులో సగానికి వస్తుంది, మీరేమన్నా బంగారం పోస్తున్నారా?" అనే మాట నాకు ప్రతి స్టాల్‌లోనూ తప్పదు. నేను వాదించను, లెక్క చెబుతాను. "లీటరు నూనెకి రెండున్నర కిలోల వేరుశనగ పప్పు పడుతుందండీ. ఈసారి పప్పు కిలో 130 దాకా పడింది. అంటే పప్పుకే 325. నూనె తీశాక మిగిలే చెక్క అమ్మితే అరవై దాకా తిరిగొస్తుంది. ఇక సీసా, కూలి, కరెంటు, ఈ స్టాల్ అద్దె." అంతే, ఆపేస్తా. రిఫైన్డ్ మంచిది కాదనీ, అది తింటే రోగాలనీ ఒక్క ముక్క అనను. అలా అన్నామంటే అది కొనుక్కుని తింటున్న ఆ నలుగురినీ తిట్టినట్టే కదా. లెక్క విన్నాక ఆయన "అయినా ఎక్కువే" అని వెళ్ళిపోతాడు. పక్కనున్నావిడ మాత్రం "అర లీటరు ఉందామ్మా?" అంటుంది. నీ కరివేపాకు పొడికీ ఇలాంటి లెక్క ఒకటి సిద్ధం చేసుకో. పచ్చి ఆకు ఎంత తెస్తే ఎండాక ఎంత మిగులుతుందో చెబితే చాలు, చాలామందికి అది తెలియదు.

బేరం దగ్గర మాత్రం కరుకుగానే ఉండు. గట్టిగా అరిచినవాడికి యాభై తగ్గించావంటే, మర్యాదగా అడిగి పూర్తి డబ్బులిచ్చినావిడకి అన్యాయం చేసినట్టు. ఆవిడ అక్కడే నిలబడి చూస్తూ ఉంటుంది మరి.

ఈ విద్యలో నాకు గురువు ఒక కాశ్మీరీ శాలువాల ఆయన. నాంపల్లిలో నుమాయిష్ పెడతారు కదా, మా పిన్నివాళ్ళ స్టాల్‌లో సగం బల్ల నాకిచ్చారు, ఆయనది పక్క స్టాల్. 1938 నుంచీ నడుస్తున్న ఎగ్జిబిషన్ అది. జనవరి 1న మొదలై ఫిబ్రవరి సగం దాకా సాగుతుంది. సాయంత్రమైతే ఇసకేస్తే రాలనంత జనం. అంత జనంలో ఎన్ని రకాల నోళ్ళుంటాయో నువ్వే ఊహించుకో. ఒకాయన వచ్చి శాలువాలన్నీ విప్పించి, నలిపి, "ఇది ఫుట్‌పాత్ సరుకు" అని పదో వంతు ధర చెప్పాడు. ఈయన మారుమాట్లాడకుండా, ముఖంలో ఏ మార్పూ లేకుండా శాలువాని మడత పెట్టడం మొదలుపెట్టాడు. మెల్లగా, అంచులు కలిపి, దుమ్ము దులిపి. అవతలాయనకి ఏం చేయాలో తోచక ఇంకో మాటన్నాడు, ఇంకోటి అన్నాడు, వెళ్ళిపోయాడు. నేను సీసాలు తుడుస్తాను. గుడ్డ ఒకటి ఎప్పుడూ దగ్గర పెట్టుకో, చేతికి పని ఉంటే నోరు అదుపులో ఉంటుంది.

అక్కడే నాకు మరో గొడవ ఎదురైంది. నుమాయిష్ రోజులంటే చలికాలం. కొబ్బరి నూనె 24 డిగ్రీలకి అటూఇటూగా గడ్డకడుతుంది. పొద్దుపోయేసరికి నా సీసాలన్నీ తెల్లగా పేరుకుపోయాయి. ఒకావిడ సీసా పైకెత్తి, "చూడండి, మైనం కలిపి అమ్ముతున్నారు!" అని మొత్తం వరసకి వినపడేలా అరిచింది. చుట్టూ జనం పోగయ్యారు. నేను సీసా ఒకటి తీసుకుని, టీ కొట్టు నుంచి తెప్పించిన వేడినీళ్ళ గిన్నెలో పెట్టాను. "రెండు నిమిషాలు ఉండండమ్మా, మీరే చూడండి" అన్నాను. ఆవిడ ఉండలేదు. జనం ఉన్నారు. కరిగిన నూనె కొంచెం కొంచెం వాళ్ళ అరచేతుల్లో వేశాను. ఆ సాయంత్రం కొబ్బరి నూనే ఎక్కువ పోయింది.

ఇంకా పెద్ద తుఫాను 910 గ్రాములది. బెంగళూరు అపార్ట్‌మెంట్‌లో మన తెలుగాయనే ఒకరు సీసా ఇంటికి తీసుకెళ్ళి, నూనె గిన్నెలో పోసి తూచి, తిరిగొచ్చి రంకెలేశాడు. "లీటరు అని అమ్మి 910 గ్రాములిస్తారా? పట్టపగలు మోసం! వీడియో తీసి అందరికీ పెడతా!" నూనె నీళ్ళకంటే తేలికే కదా, లీటరు వేరుశనగ నూనె 910 గ్రాములే తూగుతుంది. కంపెనీ పాకెట్ మీద కూడా ఆ అంకె వేస్తారు. ఆ మాట నేనంటే ఆయన వింటాడా? పక్క బల్లలో మిర్చి బజ్జీలు వేసేవాళ్ళ దగ్గర రిఫైన్డ్ పాకెట్ ఉంటే అడిగి తెచ్చి, ఆయన చేతికే ఇచ్చాను. "మీరే గట్టిగా చదవండి సార్, అందరూ వింటారు" అన్నా. చదివాడు. వీడియో కూడా తీయమన్నాను, లేబుల్ మీద ఫుడ్ లైసెన్స్ నంబరు కనిపించేలా తీయమన్నాను. ఫోన్ జేబులో పెట్టుకున్నాడు. క్షమాపణ గట్రా ఏమీ లేవులే, అవి ఆశించకు కూడా.

"మీ ఆయన్ని పిలువమ్మా, వివరాలు మాట్లాడాలి" అనేవాళ్ళున్నారు చూడు, వీళ్ళు అరవరు, నవ్వుతూనే అంటారు. అదే నాకు ఎక్కువ కోపం. "గానుగ నడిపేది నేనేనండీ, అడగండి" అంటాను. అప్పుడు కూడా వెనక్కి తిరిగి మా ఆయన్నే అడుగుతారు. ఆయన పెట్టెలు మోస్తూ, "నాకు తెలీదండీ, ఆవిడ్నే అడగాలి" అంటాడు. తనకి అన్నీ తెలుసు! ఇద్దరం ముందే అనుకున్నాం అలా. మీ అబ్బాయి నీకు తోడొస్తే వాడికీ ఇది నేర్పించు.

అన్నట్టు, కటువుగా మాట్లాడినవాళ్ళందరినీ ఒకే గాటన కట్టకు. మా సీమలో పెద్దవాళ్ళ మాట వింటే నీకు కొట్టడానికి వస్తున్నారనిపిస్తుంది. ఒక అవ్వ వచ్చి, మూత తీసి వాసన చూసి, "ఏం పాపా, ఇది గానుగదేనా, మిషన్‌లో ఆడించి బోర్డు పెట్టినావా?" అంది. పప్పు ఎక్కడిది, వేయించి ఆడించినావా, మడ్డి తేరడానికి ఎన్ని దినాలు పెట్టినావు అని కోర్టులో వకీలులా అడిగింది. ఐదు లీటర్లు కొని, నువ్వుల చెక్క ఉంటే తెలగపిండి కూరకి పెట్టమని చెప్పిపోయింది. సరుకు గురించి ఎంత కటువుగా అడిగినా అది కొనేవాళ్ళ హక్కే. మన గురించీ మన ఇంటి గురించీ మాట్లాడితేనే దురుసు. నీ పెద్దమనిషి పొడిని కనీసం వాసన కూడా చూడలేదు కదా!

సాంపిళ్ళ గురించి అడిగావు. గిన్నెలో పెట్టి వదిలేస్తే వేళ్ళు పెట్టేస్తారు. మేము ఇడ్లీ ముక్కలు, కారప్పొడి, నువ్వుల నూనె పెడతాం. ఒక కుటుంబం మొత్తం అక్కడే టిఫిన్ కానిచ్చి, "చట్నీ లేదా?" అని అడిగింది. ఒట్టు! ఇప్పుడు వేలి గోరంత ముక్కలు కోసి, పుల్లకి గుచ్చి, నా చేత్తో నేనే ఇస్తున్నా. అడిగి తీసుకునేది ఉంటే మనుషుల తీరు మారుతుంది. ఇక నూనె మానేస్తేనే ఆరోగ్యం అని అరగంట ఉపన్యాసమిచ్చే రిటైర్డ్ మాస్టార్లకైతే ఒక కుర్చీ ఉంచాను, బల్లకి పక్కగా. "నిలబడి మాట్లాడతారేంటి, కూర్చోండి సార్" అంటే బల్ల ముందు ఖాళీ అవుతుంది. ఆయనకీ మర్యాదే.

ఒక్క రకం దగ్గర ఈ ఓపికలేవీ పనికిరావు. తాగి వచ్చేవాళ్ళు, చిల్లర ఇస్తుంటే చెయ్యి పట్టుకునేవాళ్ళు, ఫోన్ నంబరు కోసం మళ్ళీ మళ్ళీ తిరిగేవాళ్ళు. అక్కడ నవ్వకు, లెక్కలు చెప్పకు. గొంతు పెంచి పక్క స్టాల్ వాళ్ళని పేరు పెట్టి పిలువు. అందుకే స్టాల్ పెట్టగానే నేను చేసే మొదటి పని అటూఇటూ బల్లల వాళ్ళతో టీ తాగడం. నిర్వాహకుల్లో ఒకరి నంబరు తీసుకో. కదలకపోతే 112కి ఫోన్ చెయ్యి. హైదరాబాద్‌లో అయితే ఆడవాళ్ళని వేధించేవాళ్ళ పని పట్టే పోలీసు షీ టీమ్స్ ఉన్నాయి. గొడవెందుకులే అని ఊరుకోవద్దు, నీ తర్వాత వచ్చేవాళ్ళ దగ్గరా అదే చేస్తాడు.

కరెంటు వచ్చినట్టుంది, రోకలి తిరుగుతున్న చప్పుడు. మీ విశాఖలో వచ్చే నెల స్టాల్‌కి డబ్బు కట్టేశావన్నావుగా, వెనక్కి అడగకు. శుక్రవారం రాత్రి రైలెక్కి వస్తాను, రెండు రోజులూ నీ పక్కనే కూర్చుంటా. ఇడ్లీలు నువ్వు చెయ్యి, నూనె నేను తెస్తా. ఈలోపు నీ పొడి సీసా లేబుల్ ఫొటో పంపు. లైసెన్స్ నంబరు 14 అంకెలూ సరిగ్గా పడ్డాయో లేదో, ప్యాక్ చేసిన తేదీ ఉందో లేదో చూస్తాను. అత్తయ్యగారిని అడిగానని చెప్పు.

నీ
రమ