మన బడి కబురు: వామాకు పట్టుకెళ్లండి!

తల్లిదండ్రులందరికీ నమస్కారం.

ఈ నెల పరీక్ష మార్కుల గురించి రాయాల్సింది, కానీ ఆ పేపర్లు పిల్లల చేతికే ఇచ్చి పంపాం (మీకు చూపించారో లేదో అడగండి), అందుకని ఈసారి మన బడితోటలో వామాకు సంగతి రాస్తున్నాను.

దసరా సెలవులకి ముందు కుళాయి పక్కన బుద్ధిగా ఉన్న మొక్క, తిరిగొచ్చేసరికి వానలకి గట్టు దాటి తోటకూర మడి మొత్తం కప్పేసింది. తప్పు నాదే, రెండేళ్ల కిందట మా ఇంటి నుంచి జానెడు కొమ్మ తెచ్చి గుచ్చింది నేనే. పైకి పచ్చగా కనిపిస్తున్నా కింద కాడలు ఆకుల్లేకుండా ముదిరిపోయాయి, నేలకి వాలిన కణుపు దగ్గరల్లా వేళ్లు దిగి ఒక్క మొక్క కాస్తా పదయింది.

పీకి పారేద్దాం అంటే ఏడో తరగతి పిల్లలు ఒప్పుకోలేదు, "బజ్జీలు టీచర్!" అన్నారు. సరేనని గత శనివారం లేత ఆకులు కోయించాం. మొదటి వాయి పాడైంది, ఎందుకంటే కడిగిన ఆకుల్ని ఆరబెట్టకుండానే పిండిలో ముంచాం, ఆకు మీది నూగులో నీళ్లు అలాగే నిలిచి పిండి జారిపోయింది, నూనె చిటపటమని ఎగిరింది. పిల్లల్ని బాణలి దగ్గరికి రానివ్వలేదు కాబట్టి సరిపోయింది. రెండో వాయికి మా వంట అక్క ఆకుల్ని పాత చీర ముక్క మీద పరిచి ఒక్కొక్కటీ అద్ది, శనగపిండిలో గుప్పెడు బియ్యప్పిండి కలిపి జారు కాస్త చిక్కగా చేసింది. అవి పళ్లెంలోకి రావడమే తెలుసు, పోవడం నేను చూడలేదు.

మొక్కలకి పేరు పలకలు రాస్తున్నప్పుడు ఒక అబ్బాయి దీన్ని ఇంగ్లీషులో ఇండియన్ బోరేజ్ అంటారని ఫోన్లో చూసి చెప్పాడు. తీరా బోరేజ్ అని వెతికితే నక్షత్రాల్లాంటి నీలం పూల మొక్క వచ్చింది! అది మధ్యధరా ప్రాంతానిది, మన మొక్కతో పేరులో తప్ప చుట్టరికం లేదు. ఆ మాటకొస్తే మన పోపులపెట్టెలో వాము కూడా ఈ మొక్కది కాదు. అది కొత్తిమీర కుటుంబం, ఇది తులసి, పుదీనాల కుటుంబం, రెండింటిలోనూ థైమాల్ అనే ఘాటైన వాసన పదార్థం ఉండటం వల్ల వాసన కలుస్తుంది, అంతే. పలక మీద 'వామాకు, కర్పూరవల్లి' అని రాయించాం.

ఇప్పుడు అసలు పని. వచ్చే శనివారం మొక్కని సగానికి కత్తిరిస్తున్నాం. సాయంత్రం పిల్లల్ని తీసుకెళ్లడానికి వచ్చేవాళ్లు ఒక సంచి తెచ్చుకోండి. ఆకులతో పెరుగుపచ్చడి చేసేవాళ్లు పదీపన్నెండు ఆకులకి మించి వేయకండి, ఘాటు ఎక్కువై పిల్లలు ముట్టరు. కాస్త నూనెలో వాడేదాకా వేయించి, పచ్చిమిర్చి, జీలకర్ర, కొబ్బరితో నూరి, చల్లారాక పెరుగులో కలిపి తాలింపు పెట్టండి. చారులో అయితే రెండాకులు చాలు.

దగ్గుకి ఆకు వాడ్చి రసం తేనెతో ఇవ్వడం మన ఇళ్లలో ఉన్నదే, కాదనను. కానీ ఏడాది నిండని పసివాళ్లకి తేనె వద్దు, జ్వరం తగ్గకపోయినా ఆయాసం వచ్చినా ఈ ఆకుని నమ్ముకుని కూర్చోకుండా డాక్టరుకి చూపించండి.

ప్రతి పిల్లకీ పిల్లాడికీ నాలుగు వేళ్ల పొడవు కొమ్మ కూడా ఇస్తాం. కింది ఆకులు తీసేసి, అడుగున చిల్లు పెట్టిన పెరుగు డబ్బాలో ఇసుక కలిపిన మట్టిలో గుచ్చండి. మట్టి ఆరాకే నీళ్లు పోయండి, ప్రేమ ఎక్కువైతే కుళ్లిపోతుంది. పెరిగాక చివుళ్లు తుంచుతూ ఉంటే గుబురుగా వస్తుంది.

మిగిలిన కాడలు కంపోస్టు గుంతలోకే. అయితే ఎండబెట్టి, చిన్న ముక్కలు చేసి మరీ వేస్తున్నాం, పోయినసారి పచ్చివే వేస్తే అక్కడా మొలిచింది.

మీ ప్రధానోపాధ్యాయురాలు