వలస కూలీల పిల్లల చదువు నిధి: జమా ఖర్చుల వివరణ

మారతహళ్లి, బెంగళూరు

దాతలందరికీ నమస్కారం. జూలై నుంచి డిసెంబరు దాకా లెక్క ఇది. ఆలస్యమైనందుకు మన్నించండి.

జమ: 74 మంది ఇచ్చినది రూ. 1,86,500. పేరుపేరునా కృతజ్ఞతలు. ఇస్తామని పేరు రాయించుకున్న మరో 11 మంది నుంచి రూ. 47,000 రావాలి. రెండుసార్లు ఫోన్ చేశాం. వీలుకాకపోతే ఆ మాటే చెప్పండి, ఆ డబ్బును నమ్ముకుని టీచరుకు మాట ఇవ్వకుండా ఉంటాం.

ఖర్చు: పుస్తకాలు, బ్యాగులు రూ. 42,300. ట్యూషన్ టీచరు ఆరు నెలల జీతం రూ. 54,000. గది అద్దె రూ. 30,000. బిల్లులన్నీ ఫైల్లో ఉన్నాయి.

పిల్లల తల్లిదండ్రులకు లేబర్ కార్డులు (కూలీల సంక్షేమ బోర్డులో పేరు నమోదైతే ఇచ్చేవి) ఇప్పించడానికి రూ. 31,700. గొడవంతా దీని మీదే. పిల్లల చదువుకని ఇస్తే పెద్దవాళ్లకు పంచారని కొందరన్నారు. ఆ మాట మమ్మల్ని చాలా బాధపెట్టింది.

ఈ పిల్లల తల్లిదండ్రులు పాలమూరు, అనంతపురం నుంచి వచ్చిన భవన నిర్మాణ కూలీలు. నిర్మాణ ఖర్చు మీద బిల్డర్లు కట్టే 1 శాతం సెస్సుతో కర్ణాటకలో వీళ్లకోసం సంక్షేమ బోర్డు ఉంది. నిబంధనల ప్రకారం 18 నుంచి 60 ఏళ్ల లోపు ఉండి, ఏడాదిలో 90 రోజులు పని చేసినవాళ్లు పేరు నమోదు చేసుకోవచ్చు. కార్డుంటే పిల్లల చదువుకు బోర్డు సాయం అడగొచ్చు. మనం కొనిచ్చే నోటుబుక్కు ఏడాదిలో అయిపోతుంది.

దసరాకల్లా కార్డులు ఇప్పిస్తామన్నది మేమే. డిసెంబరు దాకా పట్టింది. ఆధార్‌కు పాత ఫోన్ నంబర్లు ఉండటంతో ఓటీపీలు రాలేదు. 90 రోజుల సర్టిఫికెట్‌పై సంతకం పెట్టడానికి మేస్త్రీలు భయపడ్డారు. ఫొటో దిగడానికి రమ్మంటే ఒకావిడ, "ఈ రోజు కూలి ఎవరిస్తారన్నా?" అని అడిగింది. మా దగ్గర జవాబు లేదు. అందుకే 38 మందికి తలా రూ. 600 ఇచ్చాం, మొత్తం రూ. 22,800. ఆటోలకు రూ. 5,200, ఫొటోలు, జిరాక్సులకు రూ. 3,700. ఏజెంటుకు ఒక్క రూపాయి ఇవ్వలేదు. దాతలను ముందే అడగాల్సింది, అది మా తప్పే. కూలి డబ్బు ఇవ్వడం మాత్రం తప్పని అనుకోవడం లేదు.

29 మందికి కార్డులు వచ్చాయి. 9 మందివి రావాలి. బోర్డు సాయం ఇంకా ఎవరికీ అందలేదు, ఆ సంగతి దాచం.

కంపెనీలు సమాజ సేవకు కేటాయించే సీఎస్‌ఆర్ డబ్బు అడగమని కొందరన్నారు. మాది రిజిస్టరైన ట్రస్టు కాదు, ఆ డబ్బు తీసుకోవడానికి కావలసిన సీఎస్‌ఆర్-1 నమోదు లేదు. దాతలకు పన్ను మినహాయింపు కోసం 80జీ రసీదు ఇవ్వలేనిదీ ట్రస్టు కాకపోవడం వల్లే.

నిల్వ రూ. 28,500. అద్దె, టీచరు జీతం కలిపి రెండు నెలలకు వస్తుంది.