పంపు విప్పనివ్వకుండా ఆపినవాళ్ళకు కృతజ్ఞతలు

భీమవరం, ఉండి, ఆకివీడు వైపు రొయ్యల చెరువుల మీద జనరేటర్లు చూసుకునే మా అందరి తరఫున ఇది రాస్తున్నాం. గంట నడిచి టక్కున ఆగిపోతున్న 62.5 కేవీఏ జనరేటరుకి ఇక డీజిల్ పంపు (ఇంజనుకి డీజిల్ అందించేది) విప్పి ఓవరాలింగ్ చేయించడమే గతి అని అందరం తేల్చేసుకున్నాం. "పంపు మీద స్పానర్ పెట్టకండి, ముందు తీగ చూడండి" అని ఆపిన ఆటో ఎలక్ట్రీషియన్ గారికి, చేతికొచ్చిన పనిని వద్దని వోల్టులు కొలిచే మీటరు అందించిన పంపు షాపు బాబాయ్ గారికి, తెల్లవారుజామున తన ట్రాలీ జనరేటర్ తోలుకొచ్చి ఏరేటర్లు తిప్పించిన పక్క చెరువు రైతు గారికి నమస్కారాలు. చెరువులో ఆక్సిజన్ బాగా పడిపోయేది ఆ వేళలోనే కాబట్టి, ఆ సాయం ఎంతటిదో రొయ్య పెంచేవాళ్ళకి విడమర్చి చెప్పక్కర్లేదు. పేర్లు రాయొద్దన్నారు, రాయడం లేదు. వాళ్ళు చూపించిన పద్ధతి మాత్రం నలుగురికీ పనికొస్తుందని వివరంగా పెడుతున్నాం.

ఆ ఇంజనుకున్నది వీఈ రకం రోటరీ పంపు. పంపు తల దగ్గర బిగించిన స్టాప్ సోలనాయిడ్‌కి (డీజిల్ దారిని కరెంటుతో తెరిచే కాయిల్) వచ్చేది ఒకటే తీగ, ఎర్త్ పంపు బాడీ గుండానే. కరెంటు ఉన్నంతసేపు లోపలి ప్లంజర్ (చిన్న కడ్డీ) పైకి లేచి డీజిల్ దారి తెరిచి ఉంచుతుంది. కరెంటు పోతే స్ప్రింగు దాన్ని కిందికి నొక్కి దారి మూసేస్తుంది. అందుకే తీగలో లోపమొచ్చినా చూసేవాళ్ళకి పంపు పోయినట్టే ఉంటుంది.

ఎలక్ట్రీషియన్ గారు అడిగిన మొదటి ప్రశ్న: "ఎలా ఆగింది?" గాలి పట్టినా, ఫిల్టర్ మూసుకుపోయినా ఇంజను చప్పుడు ఎగుడుదిగుడవుతుంది, దగ్గుతుంది, కాస్త సతాయించి ఆగుతుంది. కరెంటు తెగితే కీ తిప్పి ఆపినట్టు శుభ్రంగా ఆగుతుంది. ఈ తేడా చెవితోనే తెలుస్తుంది. మేం ఫిల్టర్లు రెండుసార్లు మార్చాం గానీ ఈ ప్రశ్న వేసుకోలేదు.

అసలు మోసపోయింది మీటరు దగ్గర. సోలనాయిడ్ నుంచి తీగ ఊడదీసి మీటరు పెడితే 12.5 వోల్టులు. కరెంటు వస్తోంది కాబట్టి సోలనాయిడో పంపో పోయిందని నిర్ణయం. ఇది తప్పు. మీటరు దాదాపు కరెంటే లాగదు కాబట్టి, తీగలో ఒక్క పోగు మిగిలినా పూర్తి వోల్టేజీ చూపిస్తుంది. కొలవాల్సింది తీగ తగిలించి, కీ ఆన్ చేసి, కాయిల్ కరెంటు లాగుతున్నప్పుడు. నల్ల ప్రోబ్ బ్యాటరీ మైనస్ మీదే ఉంచి ఎర్ర ప్రోబ్‌ని ఒక్కో చోటికీ జరుపుతూ పోతే వచ్చిన లెక్క ఇది: బ్యాటరీ ప్లస్ 12.6, ప్యానెల్లో రిలే (కరెంటుతో పనిచేసే స్విచ్) దాటాక 12.3, సోలనాయిడ్ నట్టు మీద 7.4. ప్లస్ వైపు మొత్తం మీద అర వోల్టు, ఎర్త్ వైపు 0.2 వోల్టు మించి పోకూడదని వాళ్ళ లెక్క. ఇక్కడ రిలే నుంచి పంపు దాకా ఉన్న తీగలోనే 4.9 వోల్టులు మాయం. ఎర్త్ వైపు చూడాలంటే ఎర్ర ప్రోబ్ సోలనాయిడ్ బాడీ మీద, నల్లది బ్యాటరీ మైనస్ మీద పెట్టాలి. ఉప్పుగాలికి ఇంజను ఎర్త్ స్ట్రాప్ కూడా తరచూ పాడవుతుంది కాబట్టి ఇది వదలొద్దు.

మరి గంటసేపు ఎందుకు నడిచింది, అరగంట ఆగితే మళ్ళీ ఎందుకు స్టార్టయింది? దీనికి బాబాయ్ గారు సిగరెట్ పెట్టె అట్ట మీద లెక్క వేసి చూపించారు. చల్లగా ఉన్నప్పుడు ఆ కాయిల్ సుమారు 8 ఓమ్‌లు, చెడిన తీగ ఇంకో 5. రాగి వేడెక్కేకొద్దీ రెసిస్టెన్స్ పెరుగుతుంది. 30 డిగ్రీల నుంచి 100 డిగ్రీలకి వెళ్తే నాలుగో వంతు పైనే, అంటే 8 కాస్తా 10 ఓమ్‌లు అవుతుంది. తీగ బాగుంటే ఆ వేడిలోనూ ఒక యాంపియర్ పైనే పారి ప్లంజర్ గట్టిగా నిలుస్తుంది. తీగ చెడితే 0.8 యాంపియర్ దగ్గరికి జారుతుంది. పట్టి ఉంచడానికి బొటాబొటి, కిందికి పడిన ప్లంజర్ని మళ్ళీ లేపడానికి చాలదు. ఇంజను చల్లారితే ప్లంజర్ మళ్ళీ క్లిక్‌మని లేస్తుంది. కాబట్టి "క్లిక్ వినిపిస్తోంది కదా" అని చల్లటి ఇంజను మీద తీర్పు చెప్పకండి. కాయిల్ ఓమ్‌లు పంపుని బట్టి మారతాయి, 24 వోల్టుల దానికి ఇంకా ఎక్కువుంటాయి.

తీగ కోసి చూస్తే పైన ఎర్ర తొడుగు కొత్తదానిలా మెరుస్తోంది. లోపల లగ్ (తీగ కొసన నట్టుకి తగిలించే ముక్క) దగ్గర్నుంచి మూడంగుళాల మేర పోగులన్నీ పచ్చ చిలుము, వేలితో నలిపితే పొడి. చిలుము తొడుగు కిందనే పాకుతుంది, బయటికి కనపడదు. అలాంటిచోట లగ్ ఒక్కటి మార్చి లాభం లేదు, మెరిసే రాగి తగిలేదాకా కోసెయ్యాలి. మొత్తం తీగ మార్చి 1.5 చదరపు మిల్లీమీటర్ల పోగుల వైరు వేశారు. లగ్ క్రింప్ చేసి, హీట్ ష్రింక్ స్లీవ్ తొడిగి, నట్టు మీద వాజలిన్ పూశారు. మారిస్తే నట్టు మీద 12.1.

మీటరు లేనివాళ్ళకి ఎలక్ట్రీషియన్ గారు చూపించిన ఉపాయం ఇండికేటర్ బల్బు. 21 వాట్ల బల్బు 12 వోల్టుల దగ్గర 1.75 యాంపియర్లు లాగుతుంది, సోలనాయిడ్ కంటే కాస్త ఎక్కువే. ఊడదీసిన తీగకీ ఇంజను బాడీకీ మధ్య తగిలిస్తే, తీగ మంచిదైతే తెల్లగా వెలుగుతుంది, చెడ్డదైతే మిణుకుమంటుంది. ఎల్ఈడీ టెస్టర్ దీనికి పనికిరాదు, అదీ మీటరులాగే మోసం చేస్తుంది.

బ్యాటరీ ప్లస్ నుంచి 5 యాంపియర్ల ఫ్యూజుతో సోలనాయిడ్‌కి నేరుగా తీగ లాగి నడిపి చూడటం ఇంకో పరీక్ష. అలా నడిస్తే సోలనాయిడ్ మంచిదే, లోపం ప్యానెల్లోనో దారిలోనో ఉంది. కానీ ఆ తీగ ఉన్నంతసేపు ఆయిల్ ప్రెషర్ పడిపోయినా, నీళ్ళు మరిగినా ఇంజను తనంతట ఆగదు. మనిషి పక్కనే నిలబడాలి, పరీక్ష అయ్యాక పీకెయ్యాలి. "ప్లంజర్ తీసేసి బిగించేస్తే గొడవే ఉండదు" అనే సలహా కూడా వచ్చింది. ఇంజను ఆపాల్సి వచ్చినప్పుడు తెలుస్తుంది ఆ సలహా ఖరీదు.

ప్యానెల్ రిలే కాంటాక్టులు నల్లగా కాలి ఉన్నాయి, ఆ 0.3 వోల్టు పోయింది అక్కడే. కరెంటు తెగిన క్షణంలో కాయిల్ వందల వోల్టుల దెబ్బ వెనక్కి కొడుతుంది. దానికి 1ఎన్4007 డయోడ్ (కరెంటుని ఒకవైపే పోనిచ్చేది) ఒకటి సోలనాయిడ్‌కి అడ్డంగా వేశారు, గీత ఉన్న కొస ప్లస్ వైపు. తిప్పి వేస్తే ఫ్యూజు పోతుంది.

సెల్ఫ్ కొట్టినంతసేపు తిరిగి, కీ వదలగానే అందుకునే ఇంజన్లుంటే సోలనాయిడ్ తీగ కీ స్విచ్‌లో ఏ టెర్మినల్ నుంచి వస్తోందో చూడండి. స్టార్ట్ వైపు తిప్పగానే సప్లై పోయే టెర్మినల్‌కి కలిపి ఉంటారు. ఇన్‌లైన్ పంపుల మీది మూడు తీగల సోలనాయిడ్ కథ వేరు. అది లాగేటప్పుడు పదుల యాంపియర్లు తీసుకుంటుంది, పట్టి ఉంచడానికి ఒక యాంపియర్ లోపే. సోలనాయిడ్‌ని పంపుకి కలిపే లింకు అడ్జస్ట్‌మెంట్ తప్పి ప్లంజర్ చివరిదాకా వెళ్ళకపోతే పట్టు నిలవదు, లాగే కాయిల్ మీద భారం పడి కాలిపోవచ్చు. కాయిల్ మార్చేముందు లింకు చూడమన్నారు.

ఎలక్ట్రీషియన్ గారూ, వైరు, స్లీవు డబ్బులు తప్ప కూలి తీసుకోలేదు మీరు. మీ బల్బు హోల్డర్ మా షెడ్డులో మేకుకి వేలాడుతోంది. అలాంటిదే ఇంకోటి చేసుకున్నాం, ఇటు వచ్చినప్పుడు మీది తీసుకెళ్ళండి.