తాత పచ్చ గ్లేజు

చిన్నీ,

తాత మట్టి కప్పుల మీద గాజులా మెరిసే ఆ ఆకుపచ్చ పూత, ఆ గ్లేజు, మళ్ళీ చేయడం ఎంతవరకు వచ్చిందని అడిగావు. ఫోనులో సగం చెప్పి సగం వదిలేస్తాను, అందుకే రాస్తున్నాను.

2015 డిసెంబరు వరదలో సైదాపేట ఇంట్లోకి అడయారు నది నీళ్ళొచ్చినప్పుడు ఆయన నోటుబుక్కు తడిసింది కదా. సరుకుల పేర్లు పెన్సిలుతో రాసుకుని, గ్లేజు కుదిరాక తూకాలు ఇంకు పెన్నుతో వేయడం తాత అలవాటు. పెన్సిలు నిలిచింది, ఇంకు కరిగిపోయింది. ఇప్పుడా పేజీలో ఫెల్డ్‌స్పార్, క్వార్ట్జ్ అనే రాతి పొడులు, చైనా క్లే మట్టి, సరుగుడు బూడిద అన్న పేర్లున్నాయి. ఎంతెంతో లేదు.

1280 డిగ్రీల పైన కాల్చే గ్లేజుకు స్టూడియోల్లో అందరికీ నోటికొచ్చే లెక్క ఒకటుంది, నూటికి ఇన్ని పాళ్ళని: ఫెల్డ్‌స్పార్ 40, క్వార్ట్జ్ 30, సున్నపురాయి పొడి 20, చైనా క్లే 10. తాత జాబితాలో సున్నపురాయి లేదు. కట్టె బూడిదలో ఎక్కువ భాగం సున్నమే కాబట్టి ఆ పని బూడిదతో చేయించి ఉంటాడు. అక్కణ్ణుంచి మొదలుపెట్టి బూడిద పెంచుతూ, క్వార్ట్జ్ తగ్గిస్తూ చిన్న పలకల మీద పూసి కాల్చి చూస్తూ వచ్చాను.

ఎలా మార్చినా పూత మందంగా, మబ్బుగా వచ్చేది. తాత కప్పుల మీది ఆ జారుడు, ఆ తేటదనం రాలేదు. అప్పుడు అమ్మమ్మ గుర్తొచ్చింది. రాత్రి భోజనాలయ్యాక ఆయన చేతులు ఒళ్ళో పెట్టుకుని వేళ్ళకు కొబ్బరినూనె రాసేది. వేళ్ళ చివర్లు ఎర్రగా, తోలు లేచిపోయి ఉండేవి. మట్టి పనికి చేతులు పొడిబారతాయి కానీ తోలు అలా లేవదు. అది బూడిద క్షారం! మామూలుగా బూడిదను నాలుగైదు నీళ్ళలో కడిగి క్షారం పోగొడతారు. తాత కడగకుండా జల్లించి వాడాడన్నమాట. అందులో మిగిలిన పొటాష్ అనే క్షారమే గ్లేజును బాగా కరిగించింది. కడగని బూడిదతో పూసిన పలకలు బట్టీలోంచి తీశాక కాసేపు అక్కడే కూర్చుండిపోయాను. నువ్వెప్పుడైనా కలిపితే గ్లౌజులు తప్పకుండా వేసుకో తల్లీ. క్వార్ట్జ్ పొడి ఊపిరితిత్తులకు మంచిది కాదు, మాస్కు కూడా పెట్టుకో.

రంగు ఇంకా కుదరలేదు. ఈ పచ్చ ఇనుముది, నూటికి ఒకటి రెండు పాళ్ళు చాలు. కరెంటు బట్టీలో అదే ఇనుము తేనె రంగుకు తిరుగుతుంది. గ్యాసు బట్టీలో గాలి తగ్గించి కాలిస్తేనే పచ్చ. అలాగే కాల్చాను, పచ్చ వచ్చింది కానీ తాతదంత చిక్కగా లేదు. ఆయన పేజీలో ఇనుము పేరే లేదు కాబట్టి అది కింది మట్టిలోంచి పైకెక్కి ఉండాలి. నేను వాడుతున్నది తెల్ల మట్టి.

ఒక పని చెయ్యి. నీ దగ్గరున్న తాత కప్పు బోర్లించి, గ్లేజు తగలని అడుగు అంచును పగటి వెలుగులో ఫోటో తీసి పంపు. మట్టి తెల్లగా ఉందా, ఎర్రగా కాలిందా? పూత పలచగా ఉన్న పై అంచు దగ్గరా, కిందికి జారి మందంగా ఆగిన చోటా విడిగా తియ్యి. నెలాఖరుకు మళ్ళీ గ్యాసు బట్టీ పెడుతున్నారు. ఈ వారంలో పంపితే దానికి తగ్గ మట్టితో పలకలు చేసి ఆరబెట్టుకుంటాను.

ప్రేమతో,
అమ్మ
చెన్నై