మా నాన్నని కాఫీ కొట్టు దాకా చేర్చినవాళ్లకి

గుంటూరు బ్రాడీపేటలో మా వెనక సందు కాఫీ కొట్టాయనకి, ఆ కొట్టు సంగతి చెప్పిన ఇస్త్రీ బండి బాబాయికి, నిన్న మా నాన్నని ఎక్కించుకుని డబ్బులు తీసుకోకుండా వెళ్లిపోయిన ఆటో అన్నకి థాంక్స్ చెప్పాలని రాస్తున్నా. ముగ్గురిలో ఒక్కరి పేరూ నాకు తెలియదు. నిన్నటి కంగారులో అడగనూ లేదు.

నాన్న రెండు నెలల క్రితం తెనాలి నుంచి మా దగ్గరికి వచ్చేశారు. రిటైర్డ్ మాస్టారు, పొద్దున్నే హోటల్లో కాఫీ తాగి పేపరు తిరగేస్తే గానీ ఆయనకి తెల్లారదు. నేను ఇన్‌స్టంట్ పొడి కలిపిస్తే ఒక్క గుక్క తాగి "ఇది కాఫీయా, కాఫీ వాసన తగిలిన పాలా?" అన్నారు. వారం తిరక్కుండానే తెనాలి పోతానని మొదలుపెట్టారు. సరే అని స్కూటీ మీద లక్ష్మీపురం తీసుకెళ్తే అక్కడ ఏసీ, సోఫాలు, నురగ మీద ఆకు బొమ్మ. బిల్లు చూసి మళ్లీ ఆ వైపు రానన్నారు.

చీరలు ఇస్త్రీకి ఇస్తూ ఈ గోలంతా చెప్తే బాబాయి "మీ వెనక సందులోనే కాఫీ పొడి ఆడే కొట్టుంది కదమ్మా, కాఫీ కూడా పోస్తాడు" అన్నాడు. ఆరేళ్లుగా ఇక్కడ ఉంటున్నా. ఆ వాసన రోజూ వస్తూనే ఉంది, ఎవరింట్లోదో అనుకున్నా (నవ్వకండి).

రెండు బల్లలు, పొడి మిషను, ఇత్తడి ఫిల్టరు, అంతే కొట్టు. నాన్న మొదటి రోజే గ్లాసు దించి "చికోరీ నూటికి ఇరవై" అన్నారు (కాఫీ పొడిలో కలిపే వేరు పొడి అది), కొట్టాయన నవ్వి అవునన్నారు, ఇక ఇద్దరికీ కుదిరిపోయింది. నేను పీబెర్రీ అంటే కంపెనీ పేరనుకునేదాన్ని. కాఫీ పండులో మామూలుగా రెండు బద్దలుంటాయని, కొన్నిట్లో మాత్రం ఒకే గుండ్రటి గింజ ఉంటుందని, అదే పీబెర్రీ అని గుప్పెడు గింజలు నా చేతిలో పోసి చూపించారు. పావుకిలో పొడి చెప్పా, ఆడాక ఫోన్ చేస్తానని నా నంబరు నోటుబుక్కులో రాసుకున్నారు. ఆ నంబరే నిన్న ఆదుకుంది.

నిన్న నాన్న ఒక్కరే వెళ్లారు, ఫోను ఛార్జింగులో వదిలేసి. వచ్చేటప్పుడు ఒక మలుపు ముందే తిరిగారు. మా పేట సంగతి తెలిసిందే, 4/2 అంటే నాలుగో లైను రెండో అడ్డరోడ్డు, కొత్తవాళ్లకి అన్ని మూలలూ ఒక్కలాగే ఉంటాయి. నడిచి నడిచి అలిసిపోయి ఆటో ఎక్కారు. అంకెలు సరిగ్గానే చెప్పారు కానీ బ్రాడీపేట బదులు అరండల్‌పేట అన్నారు, అక్కడా ఇదే లైన్లు, ఇదే అడ్డరోడ్లు! ఆ నంబరు దగ్గర మా ఇల్లెక్కడుంటుంది. ఇంకో డ్రైవరైతే దింపేసి పోయేవాడే. ఈ అన్న మాత్రం "ఇంటి దగ్గర ఏదన్నా గుర్తు చెప్పండి పెద్దాయనా" అని అడిగితే, నాన్నకి గుడీ బడీ ఏదీ గుర్తురాలేదు, "పొడి ఆడే కాఫీ కొట్టు" అన్నారట. ఇద్దరు ముగ్గురిని అడిగి తిరిగి అక్కడికే తెచ్చాడు. కొట్టాయన నాన్నని కూర్చోబెట్టి, నోటుబుక్కు తీసి నాకు ఫోన్ చేశారు.

అప్పటికి గంట నుంచి నేను స్కూటీ మీద తిరుగుతూనే ఉన్నా, ఆ టెన్షన్ చెప్పలేను. పరిగెత్తుకుంటూ వెళ్తే నాన్న రెండో గ్లాసు తాగుతూ పేపరు చదువుతున్నారు. నన్ను చూసి "నువ్వూ తాగుతావా?" అన్నారు. ఏడుపు, కోపం ఒకేసారి వచ్చాయి. తాగా.

ఆటో అన్నా, ఇది ఎవరైనా చూపిస్తే ఒకసారి ఆ కొట్టుకి రా, నీ కాఫీ నా లెక్కలో రాయమని చెప్పి వచ్చా. రేపు ఆరింటికి నాన్న మళ్లీ ఒక్కరే వెళ్తానంటున్నారు, జేబులో అడ్రసు చీటీ పెట్టా. వెనకాల వెళ్తే కోప్పడతారు కాబట్టి, నేనూ కాఫీకే వచ్చానని చెప్పుకుంటా.