అమ్మ సమాధి పని గురించి తమ్ముడికి

కువైట్ నుంచి

తమ్ముడికి ప్రభువు పేరిట వందనాలు. నాన్నకి, మరదలికి, పిల్లలకి కూడా చెప్పు.

జ్ఞాపకార్థ కూడిక నాటికి సమాధి కట్టించేద్దాం అంటున్నావు. వద్దురా. మన ఉద్దానం ఇసుక నేల తవ్వి పూడ్చాక గుల్లగా ఉంటుంది, వాన పడేకొద్దీ దిగుతుంది. లోపల పెట్టె చెక్క మెత్తబడి మూత కూలితే ఇంకాస్త దిగుతుంది. దాని మీద ఇప్పుడే సిమెంటు వేస్తే నడిమికి చీలుతుంది. అక్టోబరు, నవంబరు తుఫాన్లు వెళ్ళనీ. అంతవరకు గుంట పడ్డ చోటల్లా మట్టి పోసి, నీళ్ళు చల్లి దిమ్మిస కొట్టించు. తల వైపు పేరు రాసిన చెక్క సిలువ చాలు. ఆలస్యమైందని ఊళ్ళో ఎవరేమన్నా పట్టించుకోకు.

సంక్రాంతి దాటాక పని పెట్టు. మేస్త్రీ గొయ్యి మీదే గోడ లేపుతానంటాడు, ఒప్పుకోకు. గొయ్యి అంచుకి అడుగు బయట, తవ్వని నేలలో అడుగున్నర లోతు పునాది తీయాలి. అడుగున నాలుగంగుళాల కాంక్రీటు, దాని మీద తొమ్మిదంగుళాల ఇటుక గోడ, సిమెంటు ఒక పాలు, ఇసుక ఆరు పాళ్ళు. నేలకి అడుగున్నర ఎత్తు చాలు. పైన పలక వద్దు, నడుమ మట్టే ఉండనీ. దిగినా మళ్ళీ పోసుకోవచ్చు. దగ్గర్లో ఉంది కదా అని బీచ్ ఇసుక కలిపితే ఉప్పు పూసి గోడ పూత రాలిపోతుంది. వంశధార ఇసుకే తెప్పించు. కట్టిన గోడ మీద వారం రోజులు తడి గోనెలు కప్పి ఉంచు.

పక్కన నాన్నకి చోటు కావాలి. ఆయన నోరు తెరిచి అడగరు, నువ్వే సంఘం పెద్దలతో మాట్లాడి హద్దు రాళ్ళు పాతించు. అమ్మ గోడకీ ఆ చోటుకీ నడుమ నాలుగడుగులు వదలాలి. లేకపోతే తర్వాత తవ్వినప్పుడు ఇసుక జారి గోడ వాలుతుంది.

రాయి టెక్కలి గ్రానైట్ తీసుకో. రెండడుగుల వెడల్పు, మూడడుగుల పొడవు, అందులో అడుగు కాంక్రీటులోకి పోవాలి. అంతకన్నా ఎత్తు వద్దు. 2018లో తిత్లీ తుఫానుకి కొబ్బరి చెట్లే నిలవలేదు. అమ్మ తల పడమర, కాళ్ళు తూర్పు కదా, రాయి తల దగ్గర పెట్టి రాత తూర్పుకి తిప్పించు. అక్షరాలు చెక్కించు. ఉత్త పెయింటైతే ఎండకి వెలిసిపోతుంది, గాడి ఉంటే మళ్ళీ రంగు నింపుకోవచ్చు.

వచనం 1 థెస్సలొనీకయులకు 4:17 చివరి మాట: “కాగా మనము సదాకాలము ప్రభువుతోకూడ ఉందుము.” అందులో అమ్మా ఉంది, మనమూ ఉన్నాం. ఫోన్లో పంపిన తెలుగు డీటీపీ వాళ్ళ ఫాంటులోకి మారేటప్పుడు వత్తులు చెదురుతాయి. అందుకే రాయంత కాగితం మీద ప్రింటు తీయించి, నాన్న చేత చదివించి, ఫోటో నాకు పంపు. ఆ తర్వాతే ఉలి పెట్టాలి.

నాన్న ఏడిస్తే ఆపకండి. నిరీక్షణలేని వారివలె దుఃఖపడవద్దన్నాడు పౌలు, అసలు దుఃఖమే వద్దనలేదు. లాజరు సమాధి దగ్గర యేసే కన్నీళ్ళు విడిచాడు.

2027లో ఈస్టర్ మార్చి 28న. శనివారం హడావిడిలో పెట్టుకోకుండా సున్నం గురువారానికే రెండు పూతలు అయిపోవాలి. ఈస్టర్ తెల్లవారుజామున అందరూ కొవ్వొత్తులతో సమాధుల దగ్గరికి వస్తారు. ఇసుకలో నాన్న నడవలేరు, బండి గేటు దాకా తీసుకెళ్ళి, ఒక కుర్చీ ముందే వేయించు.

ఇట్లు
మీ అన్నయ్య