నా రోటరీ ఇంజన్‌ను విప్పకుండానే నిలబెట్టిన మెకానిక్ అన్నకు కృతజ్ఞతలు

నా మాజ్డా ఆర్‌ఎక్స్-8 మళ్లీ రోడ్డెక్కింది. పిస్టన్లకు బదులు మూడు మూలల రోటర్లు రెండు తిరిగే రోటరీ ఇంజన్ కారు ఇది. ఇంజన్ మార్చలేదు, కనీసం విప్పలేదు కూడా. దీని వెనక ముగ్గురి సాయం ఉంది. వాళ్లకు ఎదురుగానే థాంక్స్ చెప్పుకున్నాను కానీ నాకు తృప్తి కలగలేదు. వాళ్లు చేసిన మేలు పదిమందికీ తెలియాలనిపించి ఇది రాస్తున్నాను. రోటరీ బండి కొనుక్కుని, దాన్ని ఎవరి చేతిలో పెట్టాలో తెలియక తల పట్టుకున్నవాళ్లకు ఇందులో పనికొచ్చేది కాస్తయినా ఉంటుంది.

బండికి వచ్చిన జబ్బు ఇది. పొద్దున చల్లగా ఉన్నప్పుడు చక్కగా స్టార్ట్ అయ్యేది. కాస్త తిరిగొచ్చాక, ఇంజన్ వేడి మీద ఉండగా ఆపితే మాత్రం మళ్లీ అందుకునేది కాదు. సెల్ఫ్ కొడుతూ కూర్చోవాల్సిందే. దానికితోడు పికప్ పడిపోయింది, సైలెన్సర్ దగ్గర పచ్చి పెట్రోల్ వాసన. మొదట చూపించిన చోట, మామూలు కార్లకు వాడే కంప్రెషన్ గేజ్ (ఇంజన్ లోపల గాలి ఎంత గట్టిగా నొక్కుకుంటోందో కొలిచేది) పెట్టి ముల్లు చూపించారు. 'ఇంతే వస్తోంది, ఇంజన్ అయిపోయింది. మొత్తం విప్పి కట్టాలి, లేదంటే దీన్ని తీసేసి పిస్టన్ ఇంజన్ ఎక్కించేద్దాం' అన్నారు. ఎంతో ఇష్టపడి కొనుక్కున్న బండి. ఆ ఇంజన్ కోసమే కొన్నాను. దాన్నే తీసేస్తామంటే ఇక ఏం మిగులుతుంది? ఆ టెన్షన్‌తో రాత్రిళ్లు నిద్ర లేదు.

మొదటి కృతజ్ఞత ఒక పెద్దాయనకు. మాజ్డావాళ్ల పాత రోటరీ కారు ఆర్‌ఎక్స్-7 చాలాకాలం నడిపిన మనిషి. అంతకుముందు ముఖపరిచయం కూడా లేదు. తెలిసినవాళ్ల ద్వారా ఫోన్ నంబర్ దొరికితే మొహమాటపడుతూనే చేశాను. నా గోడు మొత్తం ఓపిగ్గా విని ఒకటే అడిగారు. "బాబూ, వాళ్లు నీకు ఎన్ని అంకెలు చెప్పారు?" ఒకటే అన్నాను. "అయితే వాళ్లు కొలవలేదన్నమాట. రోటర్‌కు మూడు చొప్పున ఆరు అంకెలు రాసిచ్చేవాడి దగ్గరికి వెళ్లు. అంతవరకు ఎవర్నీ ఇంజన్ మీద చెయ్యి వేయనివ్వకు" అని, తనకు తెలిసిన మెకానిక్ నంబర్ ఇచ్చారు. ఆ తర్వాత రెండుసార్లు తనే ఫోన్ చేసి ఎంతవరకు వచ్చిందని కనుక్కున్నారు. నాకు ఆయన ఏమవుతారని ఇంత చేశారు!

ఆయన మాటలోని లోతు మెకానిక్ అన్న దగ్గర తెలిసింది. రోటర్ అంటే మూడు ముఖాల ముక్క. ఒక్కో ముఖం ఒక్కో సిలిండర్ పని చేస్తుంది. పిస్టన్ గేజ్‌లో గాలిని వెనక్కి పోనివ్వని వాల్వ్ ఉంటుంది కాబట్టి మూడింటిలో ఎక్కువ వచ్చిందే చూపిస్తుంది, మిగతా రెండూ దాని చాటున దాక్కుంటాయి. అసలు ఈ ఇంజన్‌కు కొత్తలోనే కంప్రెషన్ చదరపు సెంటీమీటరుకు 8.5 కిలోలు. 6.9కి పడిపోతే అది కంపెనీ చెప్పిన ఆఖరి హద్దు. ఈ లెక్కలన్నీ నిమిషానికి 250 చుట్లు తిరుగుతున్నప్పటివి. మంచి పిస్టన్ ఇంజన్ ఇంతకంటే బాగా ఎక్కువే ఇస్తుంది. అందుకే పిస్టన్లకు అలవాటుపడ్డ కంటికి ఆరోగ్యంగా ఉన్న రోటరీ కూడా చచ్చిపోయినట్టే కనిపిస్తుంది.

అన్న టెస్ట్ చేసిన తీరు ఇప్పటికీ నా కళ్లముందే ఉంది. ముందు ఇంజన్‌ను పూర్తిగా వేడెక్కనిచ్చారు. ప్లగ్గులు తీసి, పెట్రోల్ రాకుండా ఫ్యూజ్ లాగేసి, బ్యాటరీకి ఇంకో బ్యాటరీ జత చేశారు. ఆయన దగ్గర పనిచేసే కుర్రాడు యాక్సిలరేటర్ అడుగుదాకా తొక్కి పట్టుకుని తాళం తిప్పాడు. ప్లగ్ రంధ్రంలోంచి గాలి బుస్, బుస్, బుస్ మంటూ కొడుతోంది. "చెవి పెట్టి విను తమ్ముడూ. మూడూ సమానంగా ఉన్నాయి చూడు. రోటర్ మూల మీద గాలి జారకుండా ఆపే పట్టీ, అదే అపెక్స్ సీల్, విరిగితే దానికి అటూ ఇటూ ఉన్న రెండు ముఖాలూ నీరసంగా పలుకుతాయి" అన్నారు. తర్వాత రోటరీ టెస్టర్ బిగించి, వచ్చిన అంకెలను ప్లగ్గుల అట్టపెట్టె మీద స్కెచ్ పెన్‌తో రాశారు. 250 చుట్లకు సరిచేశాక ముందు రోటర్ 7.6, 7.4, 7.5. వెనకది 7.2, 7.3, 7.1. ఆ అట్టముక్క నా దగ్గరే దాచుకున్నాను.

అంకెల పక్కనే తిరిగిన వేగం కూడా రాశారు. అది 250 కంటే బాగా తక్కువ. "ఇంజన్‌ది తప్పు కాదు. సెల్ఫ్ మోటార్‌కు సత్తువ లేదు" అని తేల్చారు. నెమ్మదిగా తిప్పితే గాలి సీళ్ల పక్కనుంచి జారిపోయే టైమ్ ఎక్కువ దొరుకుతుంది, వేడి మీద ఆ కాస్త కంప్రెషన్ కూడా అందదు. ఇక పెట్రోల్ వాసనకు కారణం ఇగ్నిషన్ కాయిల్స్. ఈ బండికి నాలుగు ఉంటాయి, వాటిలో రెండు నీరసపడ్డాయి. కాలని పెట్రోల్ వెళ్లి, పొగను శుభ్రం చేసే క్యాటలిటిక్ కన్వర్టర్‌లో మండి, లోపలి జల్లెడను కరిగించేసింది. ఆక్సిజన్ సెన్సర్ తీసి ఆ రంధ్రంలో ప్రెషర్ గేజ్ బిగించి రేజ్ చేస్తే ముల్లు పైకి లేస్తూ పోయింది. పొగ బయటికి వెళ్లే దారి లేక ఆ వేడంతా ఇంజన్ మీదకే తిరిగొస్తోంది. ఇంకొన్నాళ్లు అలాగే నడిచి ఉంటే సీళ్లు నిజంగానే పోయేవి.

ఒక్క విషయం మనసారా చెప్పాలి. ఇంజన్ విప్పుదాం అని ఆయన ఒక్క మాట అని ఉంటే నేను మారు మాట్లాడకుండా ఒప్పుకునేవాణ్ణి. దానికి సిద్ధపడే వెళ్లాను. ఆయనకు అన్నిటికంటే పెద్ద పని, పెద్ద ఆదాయం అదే. ఆయనే వద్దన్నారు. అలాగని తీపి మాటలూ చెప్పలేదు. "వెనక రోటర్ 7.1 అంటే హద్దుకు దగ్గరే ఉంది. ఎప్పటికో ఒకప్పుడు విప్పాల్సిందే. ఇప్పుడైతే కాదు. ఏటేటా కొలుద్దాం" అన్నారు. ఏ పార్టు కొనాలన్నా ముందు ఫోన్ చేసి చెప్పారు. తీసేసిన పాతవన్నీ నా చేతికే ఇచ్చారు.

ఆయన బల్ల మీద ఒక పాత హౌసింగ్, అంటే రోటర్ తిరిగే గది, ఉంది. లోపలి నున్నటి గోడ మీద వరసగా అలల్లాంటి గీతలు. వేలితో తడిమితే తగులుతాయి. మాజ్డా ఇంజనీర్లు 1960లలో వీటిని దెయ్యం గోళ్ల గీతలు అనేవారట. ఆ గీతలు పడకుండా ఉండే సీళ్లు తయారుచేయడానికి నానా తంటాలు పడి 1967లో తమ మొదటి రోటరీ కారు కాస్మో స్పోర్ట్ బయటికి తెచ్చారు. 1991లో లే మాన్స్ 24 గంటల కార్ల రేసు మాజ్డా గెలిచిందీ రోటరీతోనే. ఆర్‌ఎక్స్-8 తయారీ 2012లో ఆగిపోయింది. ఆ తర్వాత పనిలోకి వచ్చిన మెకానిక్కుల్లో చాలామంది ఈ ఇంజన్ లోపల ఎలా ఉంటుందో చూసే ఉండరు. అది వాళ్ల తప్పు కాదు. అందుకే తెలిసినవాళ్లు దొరికితే కళ్లకద్దుకోవాలనిపిస్తుంది.

మూడో కృతజ్ఞత ఆ కుర్రాడికి. బండి అప్పగించే ముందు నన్ను పక్కన కూర్చోబెట్టుకుని అన్నీ విడమరిచి చెప్పాడు. ఈ ఇంజన్ ఆయిల్ తాగుతోందని భయపడొద్దు, సీళ్లు అరగకుండా కొంచెం కొంచెం లోపలికి వెళ్లేలా కంపెనీయే పెట్టింది, కాబట్టి రెండుసార్లు పెట్రోల్ కొట్టిస్తే ఒకసారైనా డిప్‌స్టిక్ తీసి చూడమన్నాడు. చల్లగా ఉన్నప్పుడు స్టార్ట్ చేసి, రెండడుగులు జరిపి ఆపేయొద్దన్నాడు. అలా చేస్తే ప్లగ్గులు పెట్రోల్‌లో తడిసిపోతాయి. తడిస్తే యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కి సెల్ఫ్ కొట్టాలి, అప్పుడు పెట్రోల్ ఆగి గాలి మాత్రమే వెళ్లి ఆరుతుంది. వయసులో చిన్నవాడే గానీ, అడిగినదే మళ్లీ అడిగినా విసుక్కోలేదు. తమ్ముడూ, నువ్వు చాలా పెద్ద మెకానిక్‌వి అవుతావు.

కొత్త సెల్ఫ్ మోటార్, కాయిల్స్, ప్లగ్గులు, కన్వర్టర్ పడ్డాక బండి వేడి మీద కూడా ఒక్క తాళానికే అందుకుంటోంది. తొమ్మిది వేల ఆర్‌పీఎం దాకా ఏ వెలితీ లేకుండా లేస్తోంది.

అన్న పేరు ఇక్కడ రాయడం లేదు, ఆయనే వద్దన్నారు. చేయగలిగినన్ని బండ్లే తీసుకుంటారు, ఎక్కువమంది వస్తే ఎవరికీ న్యాయం చేయలేనంటారు. నిజంగా ఇబ్బందిలో ఉన్నవాళ్లు ఉంటే నాకు రాయండి. బండి ఏ సంవత్సరంది, వేడి మీద ఎలా స్టార్ట్ అవుతోంది, ఎవరైనా కొలిచి ఉంటే ఆ ఆరు అంకెలు, అప్పటి వేగంతో సహా పంపండి. ఆయన్ని అడిగి, సరే అంటే నంబర్ ఇస్తాను.